తరిమెనపై త్వరగా చేయదగిన కానుకలు

క్రిస్మసు సెలవులకు హిందూపురమున రైలెక్కి పెనుకొండకును ధర్మవరమునకును పోవు మా బాలురు, ఇంట నున్న తమ్మునికో చెల్లెలికో ఏమి తీసికొని పోవుదుమని మమ్ము నడుగుచుందురు. చేతిలో రూకలు స్వల్పము. మిగిలిన దినములు అంతకంటె స్వల్పము. అట్టివారిని మేము పనిగదిలోని తరిమెన, అనగా లేతు యంత్రము, కడకు గొనిపోవుదుము.

జానెడు కఱ్ఱముక్కను యంత్రపు రెండు మొనల నడుమ బిగించి త్రిప్పుచు, ఉలిని ఆధారపు దిమ్మెపై నానించి మెల్లగా చెక్కినచో, చేయి తిరిగినవానికి అరగంటలో బొంగరము రూపుదాల్చును. యంత్రమును నడుపుటకు ముందు కఱ్ఱ ఎక్కడను తగులకుండునట్లు చేతితో ఒకమాఱు త్రిప్పి చూడవలెను. చొక్కాచేతులు మడవవలెను, కంటికి అద్దములుండవలెను. చేతితొడుగులు మాత్రము వలదు. తిరుగు కఱ్ఱ గుడ్డతోపాటు వ్రేలిని గూడ లాగికొనును.

ఉప్పుకాగితముతో నునుపు చేసిన పిమ్మట రంగు మాటేమి? బజారు రంగు ఆఱుటకు గంటలు పట్టును. బెంగుళూరునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున మైసూరు దారిలోనున్న చెన్నపట్నమునందును, మన రాష్ట్రమున వరాహనదీ తీరముననున్న ఏటికొప్పాకయందును పనివారు లక్కనే వాడుదురు. లక్కను కాచి, రంగు కలిపి, కణికలుగా సాగదీసి యుంచుకొందురు. తిరుగుచున్న బొమ్మకు కణికను అదిమినంతనే రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱ నంటుకొనును. దానిపై మొగలి ఆకు నొత్తిపట్టినచో అద్దమువలె మెఱయును. చల్లాఱుటతో పని ముగిసినట్లే.

ఇందు మఱియొక లాభము గలదు. మేము దీనినే ముఖ్యముగా నెంతుము. పసిబిడ్డ గిలకను ముందుగా నోటనే పెట్టుకొనును గదా! రంగులోని సీసము కొద్దిపాటిదైనను బిడ్డ మెదడు ఎదుగుదలకు చేటు. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము మన దేశమున 2016లో వెలువడి 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. ఏటికొప్పాకలో మొక్కలనుండి తీసిన రంగులను లక్కకు పట్టించుటకై పాటుపడిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు మా బాలురకును దొరకునవే.

ఇక కఱ్ఱ సంగతి. ఏటికొప్పాకవారిది మెత్తని అంకుడు కఱ్ఱ. మేము వేపతో సరిపెట్టుకొందుము. ఒక యేట తొందరలో పచ్చికొమ్మతోనే మూతగల బరిణె నొక బాలునిచే చేయించితిమి. అతడు ఇల్లు చేరునప్పటికి మూత కదలలేదు. పదిదినములకు బరిణె నిలువున పగిలినది. పచ్చికఱ్ఱ ఆఱునపుడు అన్నివైపుల సమముగా కుదియదు, గుండ్రనిది కోలయగును. తప్పు మాదేగాని బాలునిది కాదు. నాటినుండి కొమ్మను నడిమి బెండు వెంట నిలువున చీల్చి, కొనలకు మైనము పూసి, నీడలో నుంచుచున్నాము. అంగుళము మందమునకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును.

తల్లికొఱకు పప్పుగుత్తి చేయువారు దానికి లక్క పూయరాదు. ఉడుకు పప్పులో లక్క మెత్తబడును. నునుపు చేసి, కొబ్బరినూనె పలుచగా రుద్దినచో చాలును.