ఫోకస్ అంటే పొయ్యి!

"నీకు ఫోకస్ లేదురా!" ఇంటర్‌లో మా నాయన నన్ను రోజూ అనే మాట ఇది. లెక్కల్లో తప్పినా అదే మాట, మోటరు ఆపడం మర్చిపోయినా అదే మాట. ఫోకస్ అంటే ఏందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈమధ్య డిక్షనరీ తీస్తే నవ్వొచ్చింది. లాటిన్‌లో ఫోకస్ అంటే పొయ్యి!

పొయ్యి లెక్కల పుస్తకంలోకి ఎట్లా వచ్చిందంటే, 1604లో కెప్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తెచ్చాడు. అద్దం ఎండను ఒకచోట చేర్చి కాలుస్తుంది కదా, ఆ చోటును చూసే ఈ పేరు పెట్టి ఉంటాడని అంటారు.

చిన్నప్పుడు రేణిగుంటలో మేం భూతద్దంతో పేపరు కాల్చేవాళ్లం. మే నెలలో మా ఊరి ఎండకు కొదవేముంది! అయినా చెయ్యి వణికితే పొగ కూడా రాదు. అద్దం కొంచెం ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా వెలుగు చుక్క వెడల్పయిపోతుంది. సరిగ్గా ఒక్క దూరంలోనే పేపరు అంటుకుంటుంది. దాన్నే ఫోకల్ లెంగ్త్ అని టెన్త్‌లో బట్టీ పట్టినాం, ఆ చుక్కే ఇదని తెలీకుండా.

మా పక్కనే తిరుమల. అన్నప్రసాదం వంటకని అక్కడ 2002లో 106 సోలార్ డిష్‌లు పెట్టారు. అద్దాలు ఎండను ఒకచోటికి చేర్చి, ఆ వేడికి నీళ్లు ఆవిరై, ఆవిరి పైపుల్లో వంటశాలకు పోయేటట్టు కట్టారు. ఫోకస్ మళ్లీ పొయ్యే అయింది చూడండి! కాకపోతే పొద్దు జరిగే కొద్దీ డిష్ కూడా తిరగాల.

మిద్దె మీద టీవీ డిష్‌దీ ఇదే కథ. ముందు కమ్మీకి ఉండే ముక్క ఫోకస్ దగ్గర ఉంటుంది. కోతి ఒకసారి ఊపిందంటే సీరియల్ గోవిందా.

భూకంపం భూమి లోపల మొదలయ్యే చోటునూ ఫోకస్ అంటారు. ఫోన్ కెమెరాలో ఒక ముఖం మీద నొక్కితే దగ్గరవీ దూరంవీ మసకబారతాయి, అదీ ఫోకసే. మన జాతరల్లో ఫోకస్ లైటు మాత్రం రివర్స్: వెలుగును ఊరంతా చల్లుతుంది!

ఇంటర్‌లో నాకు ఎండ తక్కువ కాలేదు. పుస్తకం పక్కనే ఫోన్ మోగుతుంటే అద్దం నిలకడగా పట్టుకోలేకపోయినా. మొన్న ఇదంతా మా నాయనకు చెప్తే, ఓపిగ్గా విని, "అయితే పోయి పొయ్యి మీద పాలు చూడు, పొంగుతాయి" అన్నాడు. పొంగిపోయినాయి కూడా.