బొగ్గుపులుసు గాలియు వార్తాపత్రికలును

బొగ్గును, చమురును మండించునపుడు పుట్టు బొగ్గుపులుసు గాలి వాతావరణమున పేరుకొని భూమిని వేడెక్కించుచున్నదని విద్యార్థులు పాఠములలో చదివియే యుందురు. ఆ గాలిని పొగగొట్టమునొద్దనే ద్రావకములచే పట్టి, వేడిచే మరల విడదీసి, గట్టిగా నొత్తి, భూమిలో మిక్కిలి లోతుననున్న రాతిపొరలలోనికి దింపు విద్య యొకటి కలదు. దీనిని కర్బన గ్రహణమందురు. విద్య యొక్కటియే, దానిని గూర్చిన వార్త మాత్రము దేశమునకొక తీరున నున్నది. ఈ భేదమెట్లు కలిగెనో విచారింతము.

నార్వే దేశపు సంపద చమురువలనను, సహజవాయువువలనను వచ్చినది. ఆ దేశీయులు 1996లోనే ఉత్తర సముద్రమున స్లైప్నర్ అనుచోట ఈ గాలిని సముద్రగర్భము క్రింద దాచ మొదలిడిరి. కావున అచ్చట ఈ విద్య జాతిగౌరవముగా వర్ణింపబడెను. 2007లో ప్రధానమంత్రి స్టోల్టెన్‌బర్గ్ మోంగ్‌స్టాడ్‌లో తలపెట్టిన పనిని చంద్రునిపై దిగుటతో పోల్చగా, పత్రికలు ఆ మాటనే పట్టుకొనెను. 2013లో ప్రభుత్వమా పెద్ద యంత్రశాలను మానుకొనినప్పుడు ఆ మాటయే యెగతాళికి పాత్రమయ్యెను.

జర్మనీలో కథ వేరు. బ్రాండెన్‌బర్గ్ ప్రాంతమున, తమ పొలముల క్రింద గాలిని దాతురని వినిన గ్రామస్థులు భయపడి యెదిరించిరి. అణువ్యర్థములను శాశ్వతముగా నుంచు చోటికి జర్మనులు వాడు ‘ఎండ్‌లాగర్’ అను పేరునే వారు దీనికిని పెట్టిరి. ఒక్క పేరు ఎన్ని వ్యాసములకంటెను బలముగా పనిచేయునో చూడుడు. 2011లో యెన్ష్‌వాల్డె పని విరమింపబడెను. హాలండులోని బారెన్‌డ్రెక్ట్ పట్టణమునందును ప్రజల యెదిరింపుచేత 2010లో ఇట్టి పనియే ఆగెను.

కెనడాలోని సస్కాచువాన్ బొగ్గుగనుల సీమ. అచ్చటి బౌండరీ డ్యామ్ విద్యుత్కేంద్రమున 2014లో ఈ యంత్రము నెలకొల్పినపుడు ప్రపంచమున ప్రథమమని ఘనముగా చాటిరి. అది అనుకొన్నంత గాలిని పట్టుటలేదని మరుసటి యేట బయటపడెను. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున సతార్షియా గ్రామమునొద్ద 2020లో ఈ గాలిని కొనిపోవు గొట్టము పగిలి, సుమారు 45 మంది ఆసుపత్రి పాలైరి. అంతవరకు యంత్రమును గూర్చియే నడచిన చర్చలోనికి గొట్టముచెంత నివసించువారి గోడును వచ్చెను.

ఈ వార్తలలో అబద్ధములు తక్కువయే. గనివాని యూరిలో వార్త జీవనోపాధిని చూచును. గొట్టము పోవు నూరిలో ప్రాణభయమును చూచును. రాజధానిలో కీర్తిని చూచును. ప్రతిదియు సత్యములో నొక ముక్క. అన్నిటను మరుగుపడునది పరిమాణము. లోకము ఏటేట విడచు బొగ్గుపులుసు గాలి దాదాపు 3,700 కోట్ల టన్నులు; ఇప్పుడున్న యంత్రములన్నియు కలిసి పట్టగలది సుమారు 5 కోట్ల టన్నులు. ఏడువందల పాళ్లలో ఒక పాలైనను కాదు. సిమెంటువంటి పరిశ్రమలకిది మిగుల నవసరమే. అయినను దీనిని నమ్ముకొని బొగ్గు మండించుట తగ్గింపకుండుట అవివేకము.

విద్యార్థులారా, ఇట్టి వార్త చదువునపుడు నాలుగు ప్రశ్నలు వేయుడి. పట్టెదమన్నదెంత? నిజముగా పట్టినదెంత? వ్యయము భరించువారెవరు? ఆ గాలి యెవరి యింటి ప్రక్కనుండి పోవును? బెరయవారు పౌలు బోధనైనను సరిచూచుకొనక అంగీకరింపలేదు. అందులకే వారు ఘనులని పేరొందిరి. పత్రికను చదువుటలో మనకును ఆ శ్రద్ధయే తగును.