పోలీసులొచ్చారు... కప్పు పట్టుకెళ్లారు!

ఫుట్‌బాల్ అంటే కలకత్తా. కాదంటే గోవా, కేరళ. తెలుగువాళ్లకీ ఆ ఆటకీ సంబంధం ఏంటి అని అడిగేవాళ్లే ఎక్కువ. కానీ డెబ్బయ్యేళ్ల కిందట పరిస్థితి వేరు. బొంబాయిలో పెద్ద పోటీ జరుగుతోందంటే ‘ఈసారి హైదరాబాద్ పోలీసుల్ని ఆపేదెవరు?’ అన్నదే ప్రశ్న. ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్!

తంబళ్లపల్లె నుంచి కుప్పం దాకా ఏ హైస్కూలు మైదానం చూసినా సాయంత్రం పూట మూడు కర్రలు పాతి ఉంటాయి. బంతిని కాలితో తన్నే పిల్లలు అరుదు. టీవీలో మెస్సీనో రొనాల్డోనో చూసి ముచ్చటపడే కుర్రాళ్లకి, మన దగ్గరా ఒకప్పుడు దేశాన్ని గడగడలాడించిన ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. రాజధాని జట్టే కానీ, ఫుట్‌బాల్ పటంలో మాత్రం హైదరాబాద్ అప్పట్లో మారుమూల ఊరి కిందే లెక్క.

ఎందుకంటే ఆటంతా కలకత్తాలోనే ఉండేది. మోహన్‌బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి దేశమంతా పేరు తెచ్చుకుంది. మహమ్మదన్ స్పోర్టింగ్‌ది 1891, ఈస్ట్ బెంగాల్‌ది 1920. వాటికి లక్షలాది అభిమానులు, పెద్దల అండ, ఏటా జరిగే లీగు. హైదరాబాద్ పోలీసులకు ఉన్నదేమిటి? నెల జీతం వచ్చే ఉద్యోగం, సాయంత్రం ఆడుకోవడానికో మైదానం, వాటితోపాటు ఓ బడిపంతులు.

పంతులుగారి జట్టు

ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివారు. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం జట్టుకి ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యతా తీసుకున్నారు. 1940ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా వచ్చారు. ఆటగాళ్లంతా ఆయన్ని ‘రహీమ్ సాబ్’ అనేవారు.

కాలం కూడా చూడండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. సరిగ్గా రెండేళ్లకి అదే ఊరి పోలీసులు జెర్సీలు తొడుక్కుని బొంబాయి రైలెక్కారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్ వంటి కుర్రాళ్లు ఉన్నారు. బొంబాయి కూపరేజ్ మైదానంలో జరిగే రోవర్స్ కప్పు దేశంలో పేరున్న పోటీల్లో ఒకటి. 1891లో మొదలైంది. 1950లో దాన్ని హైదరాబాద్ పోలీసులు గెలిచారు.

అదే ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు. ఇది ఇంకా పాతది, 1888లో సిమ్లాలో మొదలైంది. యుద్ధం వల్లా దేశ విభజన వల్లా పదేళ్లు ఆగిపోయి, స్వతంత్ర భారతంలో అప్పుడే మొదటిసారి జరుగుతోంది. ఫైనల్లో ఎదురుపడింది ఎవరో కాదు... మోహన్‌బగాన్! పోలీసులు వాళ్లనీ ఓడించి కప్పు తెచ్చేశారు.

ఒక్కసారి గెలిస్తే అదృష్టం అనుకోవచ్చు. 1951లో రోవర్స్ కప్పు మళ్లీ పోలీసులదే. 1952లో వాళ్లదే. 1953లో, 1954లో కూడా వాళ్లదే! వరసగా అయిదేళ్లు. 1954లో డ్యూరాండ్ కప్పునీ పట్టుకొచ్చారు. 1957లో రెండు కప్పులూ వీళ్లవే. ఆ ఏడాది డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది ఈస్ట్ బెంగాల్. అంతకుముందు 1952లోనూ 1956లోనూ అదే ఈస్ట్ బెంగాల్ చేతిలో ఫైనల్లో పోలీసులు ఓడారు. కాబట్టి ఆ గెలుపు రుచే వేరు.

ఎడమ కాలికో పోటీ!

డబ్బు లేని జట్టు ఇన్ని కప్పులు ఎలా గెలిచింది? జవాబు రహీమ్ సాబ్ పెట్టిన పోటీల్లో దొరుకుతుంది. ఆయన కుర్రాళ్ల కోసం విచిత్రమైన టోర్నమెంట్లు నడిపేవారు. ఒక పోటీలో బంతిని బలహీనమైన కాలితోనే తన్నాలి. అంటే కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగు కుదరదు. బంతి అందగానే తోటివాడికి ఇచ్చెయ్యాలి. చూసేవాళ్లకి ఇది పిల్లల ఆటలా ఉండేదేమో! కానీ ఓ రెండేళ్లు అలా ఆడిన కుర్రాడికి ఏ కాలైనా ఒకటే. బంతిని తన దగ్గరే పెట్టుకుని సోకు చూపించాలన్న యావ కూడా పోతుంది.

చిన్న క్లాసు పిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు ఆట నేర్పారన్నమాట. నా లెక్కలో రహీమ్ అసలు గొప్పతనం ఇదే. వ్యూహాల సంగతి తర్వాత.

వ్యూహాల్లోనూ తక్కువ తినలేదు. అప్పట్లో మన దేశంలో జట్లన్నీ ఆంగ్లేయులు నేర్పిన పాత పద్ధతిలోనే నిలబడేవి. 1953లో హంగరీ జట్టు లండన్ వెళ్లి ఇంగ్లండ్‌ని 6-3తో చిత్తుచేసింది. ముందుండాల్సిన సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వచ్చి బంతి అందుకుంటుంటే ఎవరు కాపు కాయాలో ఇంగ్లండ్ వాళ్లకి అర్థం కాలేదు. రహీమ్ అలాంటి పాఠాల్ని వెంటనే పట్టుకునేవారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచాక లోకమంతా మాట్లాడుకున్న 4-2-4 పద్ధతిని ఆయన అంతకుముందే తన కుర్రాళ్లతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. మధ్యలో ఇద్దరే ఉంటారు కాబట్టి వాళ్లు గుర్రాల్లా పరుగెత్తాలి. రెండు కాళ్లతోనూ ఆడగలిగి, బంతిని చప్పున వదిలెయ్యడం అలవాటైన కుర్రాళ్లు ఉంటేనే అది కుదురుతుంది. ఎడమకాలి పోటీ ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా!

కుర్రాళ్లని వెతికి పట్టుకోవడంలోనూ ఆయనది ప్రత్యేకమైన చూపు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అలా దొరికినవాడే. ప్రాక్టీసుకి హైదరాబాద్ దాకా రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకి రహీమ్ సాబే ఇచ్చారట. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. సైకిల్ అద్దె వృథా పోలేదు.

బడి నుంచి ఒలింపిక్స్‌కి

పోలీసు జట్టు కోచే దేశం జట్టుకీ కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి మన జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం చేదు అనుభవం. యుగోస్లావియా 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలిలో, తడి గడ్డి మీద వట్టి కాళ్లతో ఏం నిలుస్తారు? ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో సీను మారింది. ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డ మీదే 4-2తో ఓడించి మన జట్టు సెమీస్‌కి చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఓ ఆసియా జట్టు అంతదూరం వెళ్లడం అదే మొదలు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం... అంతా హైదరాబాద్ మైదానాల్లో తయారైనవాళ్లే. అదే కాలంలో రాష్ట్రాల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ వరసగా రెండుసార్లు గెలిచింది, 1956-57లో, 1957-58లో.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీమ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. జట్టులో జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ క్రీడలకు రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం భారత్ పేరు చెబితేనే మండిపడుతున్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో 3-2తో దక్షిణ వియత్నాంని దాటి సెప్టెంబరు 4న ఫైనల్‌కి వచ్చాం. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా! డిఫెండర్ జర్నైల్‌ని, ఆ కుట్లతోనే, ముందు వరసలో ఆడించారు రహీమ్. ఒక గోలు పీకే బెనర్జీ, ఇంకోటి జర్నైల్ సింగ్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. వెక్కిరించిన ఆ స్టేడియంలోనే జనగణమన మోగింది. 1919లో టాగూర్ మన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు ఇంగ్లీషులోకి మార్చిన పాట, మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్న పాట అదే. ఫుట్‌బాల్‌కీ మన ఊరికీ ఉన్న చుట్టరికం ఇదొక్కటే అనుకుంటా!

ఆ స్వర్ణ జట్టులో పోలీసు జట్టు ఆటగాడు మహమ్మద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. తర్వాత 1966లో ఆయనకి అర్జున పురస్కారం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో భారత్‌కి మళ్లీ స్వర్ణం రాలేదు.

బండి దిగిపోయింది ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు పేరు ‘ఆంధ్రా పోలీస్’ అయింది. కప్పులు మాత్రం ఆగలేదు. 1960లో రోవర్స్. 1961లో మోహన్‌బగాన్‌ని ఓడించి డ్యూరాండ్. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఉమ్మడిగా రోవర్స్. 1950 నుంచి లెక్కేస్తే తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు. అందులో చివరిది 1963 నాటి రోవర్స్. దాన్ని రహీమ్ చూడలేదు. ఆ ఏడాది జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయసు 53.

ఆ తర్వాత ఈ రెండు కప్పుల్లో ఏదీ ఆ జట్టు చేతికి రాలేదు.

మనిషి పోయాడు కాబట్టి జట్టు పోయింది అనుకుంటే సగమే నిజం. మిగతా సగం కలకత్తా రైలు. రహీమ్ ఉన్నప్పుడే అది మొదలైంది. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. అక్కడ క్లబ్బులు డబ్బిస్తాయి. వేలమంది చూస్తారు. పేరు పేపర్లో వస్తుంది. ఇక్కడ పోలీసు జీతం, ప్రమోషన్ కోసం ఎదురుచూపు. ఓ పేదింటి కుర్రాడు ఏది ఎంచుకుంటాడు? తప్పు పట్టడానికేం లేదు. పోలీసు జట్టులో ఆడిన సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకి ఆయనే కెప్టెన్. 1966లోనే మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాద్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్‌బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. మోహన్‌బగాన్ తరఫున ఒక గోలు హబీబ్‌దే. కలకత్తా వాళ్లు ఆయన్ని ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నారు. 2023 ఆగస్టు 15న ఆయన పోయినప్పుడు మన దగ్గర ఎందరికి తెలిసింది?

ఆటగాళ్లు వెళ్లడం కొత్త కాదు. రహీమ్ రోజుల్లో ఒకరు వెళితే ఆ చోటుకి బడుల నుంచి మరొకరు వచ్చేవారు. ఎడమకాలి పోటీలు నడిపే చెయ్యి లేకపోయాక ఆ చోట్లు ఖాళీగానే మిగిలాయి. కింది నుంచి కుర్రాళ్లను తెచ్చే పద్ధతి ఆయన తలలోనూ డైరీలోనూ ఉండిపోయిందే తప్ప ఓ సంస్థగా మారలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరం చివరి మెరుపు అది.

మళ్లీ ఓ ప్రయత్నం... అదీ వెళ్లిపోయింది

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఓ కొత్త క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది కూడా. ఊళ్లో కాస్త కదలిక కనిపించింది. కానీ తర్వాత డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 2024 ఏప్రిల్లో అజయ్ దేవగణ్ రహీమ్‌గా నటించిన ‘మైదాన్’ సినిమా విడుదలైంది. అది చూసి ‘ఈయన మన హైదరాబాద్ ఆయనా!’ అని ఆశ్చర్యపోయినవాళ్లు తెలుగునాట చాలామందే ఉన్నారు.

మన సీమలో చూస్తే అనంతపురంలో ఆర్‌డీటీ సంస్థ క్రీడాగ్రామం ఉంది. పల్లెటూరి పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పింది. పంతులు బడిలో మొదలుపెట్టిన దారికి కాస్త దగ్గరగా ఉన్నది అదే.

ఇక రోవర్స్ కప్పు 2000-01 తర్వాత మళ్లీ జరగనే లేదు. వరసగా అయిదుసార్లు గెలిచిన ఆ రికార్డు పక్కన ఇప్పటికీ ఉన్న పేరు... హైదరాబాద్ సిటీ పోలీస్.