ఆలోచనకు గడువు

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, దాని చెంతనే నాచారము ఉన్నవి. నాచారము కర్మాగారములు గల పేట. అక్కడి ఒక కార్మికుని కుమారుడు పదవ తరగతి ముగించెననుకొనుడు. ఇంటర్మీడియెట్ చదువుటయా, పాలిటెక్నిక్‌లో చేరుటయా, ఐ.టి.ఐ.లో పని నేర్చుటయా అని అతనికి సందేహము కలిగినది. తండ్రిని అడిగినాడు, మేనమామను అడిగినాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పిరి. రాత్రులు నిద్రమాని తలపోసినాడు. ఇంతలో దరఖాస్తుల గడువులు ఒకదానివెంట ఒకటి దాటిపోయినవి. మిగిలిన చోటనే అతడు చేరవలసివచ్చెను.

ఇట్టివారు తెలివిలేనివారు కారు. ఒక దారి పట్టినచో తక్కినవి విడువవలెనని వారి మనస్సు వెఱచును. రాబోవు ఫలమును ముందే తెలిసికొనగోరును. అది ఎవరికిని సాధ్యము కాదు. కావున తెలిసిన సంగతుల చుట్టునే గానుగెద్దువలె తిరుగుచుండును.

1978లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ ఈ విషయమును పరిశోధించెను. మానవునికి గల కాలమును, తెలివిడియు పరిమితములు. అందుచేత అన్నిటికంటె శ్రేష్ఠమైనదానికై వెదకుచుండక, తన అవసరమునకు చాలినది దొరకినంతనే మనుష్యుడు దానిని గ్రహించునని ఆయన వివరించెను.

అట్లని తొందరపాటు మంచిది కాదు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే తెలంగాణములోని పోచంపల్లికి వచ్చెను. భూమిలేని దళితులు తమకు 80 ఎకరములు కావలెనని కోరిరి. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి, 100 ఎకరములు ఇచ్చెదనని పలికెను. భూదానోద్యమము ఆ మాటతో పుట్టినది. ఆ నిర్ణయము క్షణములో జరిగినట్లు తోచును. కాని పేదలకు కొంత భూమి ఈయవలెనన్న తండ్రి కోరిక ఆయన మనస్సులో అంతకుముందే ఉండెను. ఆలోచన పండియుండుటచే, సమయము రాగానే మాట వెలువడినది.

మనమేమి చేయవలెను? ఏ చొక్కా తొడుగుకొనవలెనన్నటువంటి చిన్న సంగతులను వెంటనే తేల్చవలెను. పెద్ద విషయమైనచో దాని మేలుకీడులను కాగితముపై వ్రాసికొని, అనుభవజ్ఞులను ఇద్దరు ముగ్గురిని అడిగి, కడపటి తేదీకి ముందే ఒక దినము నిర్ణయించుకొనవలెను. ఆ దినమున తేల్చి, పనికి పూనుకొనవలెను.

ఒక దారి పట్టినంతమాత్రమున తక్కినవన్నియు మూతపడవు. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు ప్రవేశపరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. నాచారపు బాలుడు ఈ సంగతి విచారించియుండినచో అతని భయము సగము తీరియుండెడిది. నడచినవానికి దారి తప్పినను దిద్దుకొనుటకు వీలుండును. నాలుగు దారుల కూడలిలో నిలిచిపోయినవానికి ప్రొద్దు క్రుంకును.