కానుక లెక్క

ఆదివారం ఆరాధన ముగిసి, అయ్యగారు దీవెన చెప్పి గుమ్మం దగ్గర నిలబడేసరికి మేమిద్దరం లోపలి గదిలో ఉండేవాళ్లం. కానుక సంచులు బల్ల మీద బోర్లించి, నోట్లు, చిల్లర వేరుచేసి, నేను లెక్కపెట్టిందే ఇంకో పెద్ద మళ్లీ లెక్కపెట్టేవారు. మొత్తం చీటీ మీద వేసి ఇద్దరం సంతకాలు చేశాకే రిజిస్టర్‌లోకి ఎక్కించేవాళ్లం. కృష్ణా జిల్లాలో మా పల్లె సి.ఎస్.ఐ. సంఘానికి పదకొండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. బడిలో లెక్కలు చెప్పేవాణ్ని కనుక ఆ పని నాకు అప్పగించారు.

మా సంచిలో పెద్ద నోట్లు తక్కువ. కూలికి వెళ్లే ఆడవాళ్లు కొంగున ముడేసి తెచ్చిన పదులూ ఇరవైలే ఎక్కువ. కొన్ని నోట్లు చెమటకు మెత్తబడి, విప్పబోతే చిరిగేవి. డబ్బే కాదు, బియ్యం కూడా వచ్చేవి. ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేయడం మా ఇళ్లలో అమ్మమ్మల నాటి అలవాటు. నెలకోసారి ఆ బియ్యం గుడికి తెస్తే వేలం వేసి, సొమ్ము జమ కట్టేవాళ్లం. కోత పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు అన్నీ వేలానికే.

పేదవాడు కూడా ఇవ్వాలని, ఇస్తేనే సంఘం తన కాళ్ల మీద నిలబడుతుందని తెలుగు నేల మీద గట్టిగా నేర్పినవారు డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. నిజాం రాజ్యంలోకి వచ్చి తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో పనిచేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. ఆ బోధ చేసినంత మేలు మరే బోధా మా పల్లెలకు చేయలేదని నా నమ్మకం. పూటకు గింజలు చాలని ఇంట్లోంచి పిడికెడు అడిగినవారు, ఆ పిడికెడుకు ఎంత జవాబుదారీ కావాలి!

పౌలు సంగతి చూడండి. యెరూషలేములోని బీదల కోసం సంఘాలన్నీ చందా పోగుచేస్తే, ఆ సొమ్ము వ్యవహారం ఆయన ఒంటరిగా నెత్తిన వేసుకోలేదు. తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ని పంపాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని ముందే కాక మనుషుల ముందు కూడా సవ్యంగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో కారణం కూడా చెప్పాడు. అపొస్తలుడికే తోడు మనిషి కావలసి వచ్చింది.

ఇది నాకు ఆలస్యంగా తలకెక్కింది. నేను బాధ్యత తీసుకున్న నాలుగో ఏట ఒక సంఘ పెద్ద, కూతురి పెళ్లి ముంచుకొస్తే, గుడి మరమ్మతు నిధిలోంచి కొంత వాడుకున్నారు. రెండు నెలల్లో కడతానన్నారు. మంచి మనిషే. “బయటికి పొక్కితే సంఘం పరువు పోతుంది మాస్టారూ” అన్నారు తక్కిన పెద్దలు. నేను నోరు మూసుకున్నాను. ప్రతి నెలా ఆరాధన చివర చదివే జమాఖర్చు ఆ నెల చదవలేదు. మరుసటి నెలా చదవలేదు.

మూడో నెలలో ఒక ముసలావిడ గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. “ఏం మాస్టారూ, లెక్క చదవటంలేదు? నా బియ్యం ఎంతకు పోయాయో తెలీనేలేదు” అంది. ఆమెకు అక్షరాలు రావు. నేను గొంతెత్తి చదివితేనే తన పిడికెడు గుడికి చేరిందని ఆమెకు తెలిసేది. నేను ఆపింది ఆ ఒక్క దారినే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం తిరక్కముందే కమిటీ కూర్చుంది. తర్వాతి ఆదివారం మొత్తం లెక్క చదివాను. ఆ పెద్దాయన తానే లేచి, బాకీ ఒప్పుకున్నారు. పది నెలల్లో తీర్చేశారు. సంఘం ఆయన్ని వెలివేయలేదు, పరువూ పోలేదు.

ఈమధ్య కమిటీలు లేని సంఘాలు చాలా వెలిశాయి. స్థలం కాపరి పేరున, బ్యాంకు ఖాతా కాపరి పేరున, నిర్ణయం కూడా ఆయనదే. ఆయన నిజాయితీపరుడే కావచ్చు. అయినా అది తప్పు పద్ధతే. తెలుగు బైబిల్లో సంఘ సేవకుడికి గృహనిర్వాహకుడనే మాట ఉంది. ఇల్లు వేరొకరిది, తాళపుచెవి మాత్రమే ఇతనిది. యజమాని అడిగినప్పుడు లెక్క చూపలేని నిర్వాహకుడి కథ లూకా సువార్తలో యేసే చెప్పాడు.

కాపరులకు నా మనవి ఒకటే. ఖాతాలో మీతోపాటు మరో ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఏడాదికోసారి బయటి మనిషితో ఆడిట్ చేయించండి. సంఘస్థులూ, మీరు వచ్చే ఆదివారం కోశాధికారిని పోయిన నెల జమాఖర్చు బిగ్గరగా చదవమని అడగండి.