దేహంలో దాగిన ధార్మికత.. మారుమూల పల్లెల్లో కొలిచేదెలా?

అణుధార్మిక పదార్థం కంటికి కనపడదు. దానికి వాసన, రుచి ఉండవు. నేలపై ఎంత పడిందో పరికరాలు చెప్పగలవు గానీ, ఆ నేలపై నివసించే మనిషి ఒంట్లోకి ఎంత చేరిందో మట్టిని చూసి చెప్పడం సాధ్యం కాదు. అది తేలాలంటే మనిషినే కొలవాలి. నగరాల పరిశోధనశాలల్లో, మందపాటి ఉక్కు గదులలో జరిపే ఈ పరీక్షను మంచు ప్రాంతాలకు, అడవి పల్లెలకు తీసుకువెళ్లడం 1960లలోనే ఆరంభమైంది.

ఒంటి నుంచే సంకేతం

1986 ఏప్రిల్ 26న సంభవించిన చెర్నోబిల్ ప్రమాదం తర్వాత దీర్ఘకాలం వేధించిన పదార్థం సీసియం-137. దాని ధార్మికత సగానికి తగ్గేందుకే సుమారు 30 ఏళ్లు పడుతుంది. రసాయనికంగా ఇది పొటాషియంను పోలి ఉంటుంది. పాలు, మాంసం, పుట్టగొడుగుల ద్వారా కడుపులోకి చేరి కండరాలలో వ్యాపిస్తుంది. అక్కడి నుంచి వెలువడే గామా కిరణాలలో కొంత భాగం శరీరాన్ని దాటి బయటకు వస్తుంది. అందువల్లనే సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా కొలత సాధ్యమవుతోంది.

పరికరంలో ప్రధాన భాగం సోడియం అయోడైడ్ స్ఫటికం. గామా కిరణం తాకినప్పుడు అందులో లేశమాత్రపు మెరుపు పుడుతుంది. దానిని విద్యుత్ సంకేతంగా మార్చి లెక్కిస్తారు. మెరుపు తీవ్రతను బట్టి అది సీసియంకు సంబంధించినదా, దేహంలో సహజంగా ఉండే పొటాషియం-40కు చెందినదా అన్నది తెలుస్తుంది. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే దానిని ఒక బెకరెల్ అంటారు. 70 కిలోల బరువున్న ఆరోగ్యవంతునిలో సైతం పొటాషియం-40 సుమారు 4,000 బెకరెళ్లు ఉంటుంది. కనుక పరికరం ఏదో ఒక సంఖ్య చూపినంత మాత్రాన భయపడనక్కరలేదు. ఆ సంఖ్య ఏ పదార్థానిదన్నదే ముఖ్యం.

ఒడిలో పరికరం

1960ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్తలు చిన్న పరికరంతో అలాస్కాలోని అనక్తువుక్ పాస్ వంటి పల్లెలకు వెళ్లారు. టన్నుల కొద్దీ ఉక్కు గదిని అక్కడకు తరలించే వీలు లేదు. అందుచేత మనిషిని కూర్చోబెట్టి, స్ఫటికమున్న గొట్టాన్ని ఒడిలో ఉంచి, దానిపైకి వంగమన్నారు. పొట్ట, తొడలు పరికరాన్ని చుట్టుకోవడంతో వెలుపలి కిరణాలను ఆ మనిషి దేహమే కొంతవరకు అడ్డుకుంటుంది. చెర్నోబిల్ అనంతరం కూడా క్షేత్రస్థాయి పరీక్షల్లో ఈ పద్ధతి ఉపయోగపడింది.

అలాస్కా ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. అణుపరీక్షలు జరిగిన స్థలాలకు ఎంతో దూరాన ఉన్న ఆ వేటగాళ్ల ఒంట్లో సీసియం ఇతర అమెరికన్లకన్నా ఎన్నో రెట్లు అధికంగా ఉంది. వాతావరణంలో జరిపిన పరీక్షల ధూళి రాళ్లపై, నేలపై పెరిగే లైకెన్‌పై పడింది. దానిని మేసిన కారిబూ దుప్పుల మాంసం ద్వారా మనుషులకు చేరింది.

లెక్క తప్పే చోట్లు

* దుస్తులకు, చర్మానికి అంటిన ధూళి ఒంటిలోని ధార్మికతగా నమోదయ్యే ప్రమాదముంది. అందుకే ముందుగా స్నానం చేయించి, శుభ్రమైన దుస్తులు ఇస్తారు.
* కలుషిత ప్రాంతంలో నేల, గోడలు సైతం కిరణాలు వెదజల్లుతాయి. పరిసరాల ధార్మికతను విడిగా కొలిచి తీసివేయాలి. సీసం పలకలు అడ్డుపెట్టాలి.
* ఎండ, చలి మారితే స్ఫటికం స్పందన మారుతుంది. తెలిసిన ధార్మిక నమూనాతో తరచూ సరిచూడాలి.
* పెద్దలకు సరిచేసిన పరికరంతో పసివారిని కొలిస్తే లెక్క తప్పుతుంది. నిర్ణీత మోతాదులో సీసియం నింపిన సీసాలను వివిధ వయసుల మనిషి ఆకారంలో పేర్చి ముందుగా పరీక్షిస్తారు.

మట్టి ఒకటి.. మనిషి మరొకటి

చెర్నోబిల్ ప్రభావిత గ్రామాలలో 1990లో అంతర్జాతీయ నిపుణులు 9,000 మందికి పైగా ప్రజలను ఈ విధంగా పరీక్షించారు. నేల కాలుష్యాన్ని బట్టి వేసిన అంచనాలకన్నా ఒంటిలోని సీసియం సాధారణంగా తక్కువగానే తేలింది. 1991 నుంచి 1996 వరకు జపాన్‌కు చెందిన ససకావా సంస్థ సహకారంతో పరికరాలు అమర్చిన బస్సులు ఉక్రెయిన్, బెలారస్, రష్యా గ్రామాలకు వెళ్లి లక్షకు పైగా పిల్లలను పరీక్షించాయి. ఒకే ఊరిలోనైనా అడవి పుట్టగొడుగులు, బెర్రీలు, స్థానిక పాలు ఎక్కువగా తినే ఇంట్లో లెక్క ఒక తీరున, అంగడి సరకులపై ఆధారపడే ఇంట్లో మరో తీరున ఉంటుంది.

నార్వేలోని కౌటొకైనోలో రెయిన్‌డీర్ కాపరులైన సామీ ప్రజలను 1965 నుంచి కొలిచారు. చెర్నోబిల్ తర్వాత వారి మాంసం అమ్ముడుపోక జీవనమే ప్రశ్నార్థకమైంది. దాంతో ప్రభుత్వం 1986 నవంబరులో రెయిన్‌డీర్ మాంసంలో సీసియం పరిమితిని కిలోకు 600 నుంచి 6,000 బెకరెళ్లకు పెంచింది. 1994లో దానిని 3,000కు తగ్గించింది. ఆ మాంసమే నిత్యాహారమైన కాపరులకు మాత్రం ఎంత తినాలో సలహాలిచ్చారు. వధకు ముందు జంతువులకు శుభ్రమైన మేత పెట్టించారు. మనుషుల కొలతలే ఈ చర్యల ఫలితాన్ని నిర్ధారించాయి.

అన్నింటికీ ఒకే పరీక్ష చాలదు

గామా కిరణాలు వెలువరించని స్ట్రాన్షియం-90ను ఈ పరికరం గుర్తించలేదు. అయోడిన్-131 ధార్మికత 8 రోజులకే సగమవుతుంది. కనుక తొలి వారాల్లోనే మెడ వద్ద థైరాయిడ్ గ్రంథిని కొలవాలి. యురేనియం విషయంలో దేహం దాటి వచ్చే గామా కిరణాలు బలహీనం. యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లె వంటి చోట్ల ఒంట్లోకి చేరిన యురేనియంను తెలుసుకునేందుకు మూత్ర పరీక్షే సరైన మార్గం. తాగే నీటి పరీక్ష దానికి తోడు కావాలి.

తిండి మారితే తగ్గుదల

పెద్దల దేహం నుంచి సగం సీసియం బయటకు పోవడానికి సుమారు 100 రోజులు పడుతుంది. పిల్లల్లో అంతకన్నా త్వరగా పోతుంది. శుభ్రమైన ఆహారం అందితే కొన్ని నెలల తర్వాతి పరీక్షలో తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. తగ్గకుంటే కలుషిత ఆహారం ఇంకా ఇంటికి చేరుతున్నదని అర్థం. అందుచేత ఒక్కసారి కొలిచి వదిలేయడం చాలదు. ఫలితాన్ని దస్త్రాలకే పరిమితం చేయక, కూర్చున్న మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఏది తినవచ్చో, ఏది మానాలో వివరించాలి. అప్పుడే ఆ కొలత ఆ కుటుంబానికి ఉపకరిస్తుంది.