ఈ గేమ్ మన కంప్యూటర్‌లో ఆడుతుందా?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సజ్జాలో పిల్లల్ని పగటిపూట బయటికి పంపడం కుదరదు. ఎండ ఒక ఎత్తు, లారీలు లేపే దుమ్ము ఒక ఎత్తు. షార్జా ఊళ్ళో ఉండేవాళ్ళకి మాల్స్ అయినా దగ్గర. మావారు ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తారు, మాది షెడ్ల మధ్య కాపురం. అందుకే పన్నెండేళ్ళ మా అబ్బాయి 'హాగ్వార్ట్స్ లెగసీ' గేమ్ కావాలంటే కాదనలేకపోయాను. హ్యారీ పాటర్ పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాడు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గేమే అయినా మా ఇంటికి అది కొత్తదే.

"మన లాప్‌టాప్‌లో ఆడదంట అమ్మా, కొత్తది కొనాలంట" అన్నాడు. మావారు ఒక షాపులో అడిగితే ఐ7 స్టిక్కర్ ఉన్న లాప్‌టాప్ చూపించి, 2,800 దిర్హాములు, గేములకి బ్రహ్మాండంగా ఉంటుంది అన్నారట. సెలవుల్లో ఇండియా టికెట్లకని మేము దాచుకున్న డబ్బు ఇంచుమించు అంతే!

నేను బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. ఆ డిగ్రీతో ఇక్కడ ఉద్యోగం చేయలేదు గానీ, స్పెసిఫికేషన్ కాగితం చూస్తే భయం లేదు. మీకూ అక్కర్లేదు. చూడాల్సినవి నాలుగే: ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, డిస్కులో ఖాళీ.

గేమ్ అమ్మే పేజీలో కిందికి వెళితే కనీసం ఏం కావాలో రాసి ఉంటుంది. ఈ గేమ్‌కి ఇంటెల్ ఐ5-6600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ సొంత మెమరీ ఉన్న జీటీఎక్స్ 960 గ్రాఫిక్స్ కార్డు, 85 జీబీ ఖాళీ అడిగారు. ఇక మన కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ, మెమరీ, జీపీయూ అని వరసగా కనిపిస్తాయి. ఐదు నిమిషాల పని.

మా లాప్‌టాప్‌ది ఐ5-8250యూ. పైకి చూస్తే 6600 కన్నా 8250 పెద్ద అంకె. కానీ ఆ చివర 'యూ' ఉంది చూశారా, అది బ్యాటరీ ఆదా చేసే రకమని గుర్తు. దాని పవర్ రేటింగ్ 15 వాట్లు, డెస్క్‌టాప్‌లో ఉండే 6600ది 65 వాట్లు. అందుకని అంకెలొక్కటే పోల్చి లాభం లేదు. ర్యామ్ 8 జీబీయే ఉంది, అదైనా పెంచొచ్చు. అసలు చిక్కు గ్రాఫిక్స్‌తో. జీపీయూ దగ్గర ఇంటెల్ యూహెచ్‌డీ 620 అని ఉంది. అంటే విడిగా కార్డు లేదు, ఉన్న ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. లాప్‌టాప్‌లో దాన్ని మార్చలేం. మావాడి మాటే నిజం, ఆడదు.

మరి షాపులో చూపించిందో? మావారితో కలిసి వెళ్ళి, అవే మూడు మీటలు నొక్కాను. ఐ7 నిజమే. జీపీయూ మాత్రం మళ్ళీ ఇంటెల్‌దే, ఒక్కటే. గేమింగ్ లాప్‌టాప్ అయితే ఇంకో జీపీయూ కూడా కనిపించాలి. "చిన్న గేములు ఆడుతుంది మేడమ్" అన్నాడు సేల్స్ అబ్బాయి. స్టిక్కర్ ప్రాసెసర్ సంగతే చెబుతుంది, గేముని నడిపేది ముఖ్యంగా గ్రాఫిక్స్. నమస్కారం పెట్టి వచ్చేశాం.

తర్వాత అజ్మాన్‌లో ఊరికి వెళ్ళిపోతున్న ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు డెస్క్‌టాప్ అమ్ముతున్నాడని తెలిసింది. ఐ5-8400, 16 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060, అన్నీ కలిపి 1,200 దిర్హాములు. పాత సామాను కాబట్టి అతని చేత ఏదో గేమ్ ఇరవై నిమిషాలు ఆడించాను. టాస్క్ మేనేజర్‌లోనే కార్డు వేడి కనిపిస్తుంది, 72 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. మన దుమ్ములో ఫ్యాన్లు మూసుకుపోతే వేడెక్కి కంప్యూటర్ తనే వేగం తగ్గించుకుంటుంది, ఎంత మంచి కార్డయినా. ఇప్పుడు నెలకోసారి మూత తీసి పెయింట్ బ్రష్‌తో దులుపుతున్నాను.

గేమ్ కొనేటప్పుడూ ఓ వెసులుబాటు ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల లోపు అయితే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇంకోటి, ఆ కనీసం అనే లెక్క 720పీ బొమ్మకి, సెకనుకి 30 ఫ్రేములకి, అదీ అన్నీ తక్కువ సెట్టింగుల్లో. ఆడుతుందని అర్థం, అంతే. మాది అంతకన్నా మెరుగు కాబట్టి 1080పీలో హాయిగా నడుస్తోంది. రోజుకి గంటన్నర అని ఒప్పందం. అప్పుడప్పుడు నేనూ చీపురెక్కి కోట చుట్టూ ఓ చక్కర్ కొడుతున్నానని మీకు మాత్రమే చెబుతున్నా.

మొన్న పై అంతస్తు రాజమండ్రి ఆవిడ వాళ్ళ లాప్‌టాప్ పట్టుకొచ్చారు. వాళ్ళబ్బాయికి ఫుట్‌బాల్ గేమ్ ఎఫ్‌సీ 25 కావాలట. మావాడే కూర్చుని చూశాడు. ర్యామ్ 8 జీబీ, సరిపోతుంది. కార్డు జీటీఎక్స్ 1650, అదీ చాలు. గేమ్‌కి 100 జీబీ కావాలి, డిస్కులో ఖాళీ 40 మాత్రమే.

"ఆంటీ, ఇందులో పెళ్ళి వీడియోలే 90 జీబీ ఉన్నాయి" అన్నాడు.

"అవి తీయడానికి వీల్లేదు బాబూ" అన్నారావిడ. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొనమని చెప్పి పంపాం.